మడత పడ్డ నోటు

సెప్టెంబరు 5, గురువారం

రక్తపోటుకు మందు రాసిచ్చిన డాక్టరమ్మ చెప్పింది. "సనోబర్ గారూ, కోపం వస్తే మనుషుల మీద కాదు, కాగితం మీద అరవండి" అని. సరే, అరుస్తున్నాను. ఈ పుస్తకం కొన్నది కూడా ఆవిడ పోరు పడలేకే. దుకాణంవాడు దీనికి కూడా ఎక్కువే గుంజాడు, దొంగ సచ్చినోడు.

ఇవాళ బ్యాంకుకి వెళ్లి డాలర్లు తీసుకున్నాను. కిటికీ వెనక కూర్చున్న పిల్ల గోళ్ల రంగు ఆరబెట్టుకుంటూ నాకు నోట్లు నెట్టింది. వాటిలో రెండు మడత పడ్డవి. వెనక్కి నెట్టాను.

"ఏమైంది పిన్నిగారూ? డబ్బే కదా!"

"మడత పడ్డ డాలరు మా బజారులోనే తగ్గించి తీసుకుంటారు. నేను పోయేది పరాయి దేశం. నువ్వొస్తావా అక్కడ నా తరఫున మాట్లాడటానికి?"

నా వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వనీ. కోకంద్ బజారులో ఎండు ఆప్రికాట్లు అమ్మేదాన్ని. పొద్దస్తమానం నోట్లు ముట్టుకునే చెయ్యి ఇది. అన్నీ కొత్తవి, కరకరలాడేవి ఇచ్చేదాకా కదల్లేదు. ఇంటికొచ్చి పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ కూడా చేశాను. మా ఆయన యాకూబ్‌జాన్ గడపలో నిలబడి చూసి, "నా చొక్కాకి ఏనాడూ ఇంత శ్రద్ధ పెట్టలేదు నువ్వు" అన్నాడు.

"నీ చొక్కా చూపిస్తే నన్ను సముద్రం దగ్గరికి రానిస్తారా?" అన్నాను.

తాష్కెంట్ నుంచి కూతురు ఫోన్ చేసి ఒకటే గోల. కార్డు తీసుకెళ్లమ్మా, కాలం మారిందమ్మా అని. మారింది, నాకు తెలుసు. మా నాన్న ఇరవై ఏళ్లు బ్యాంకులో దాచిన డబ్బు, సోవియట్ పోయి దేశం మారిన ఏడాది ఒక జత బూట్లకు రాలేదు. ఆ బూట్లు కూడా కొనలేదు ఆయన. బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఇంటికి వచ్చేశాడు. నా డబ్బు నా ఒంటి మీద ఉంటుంది. అంతే.

ఒంటి మీద అంటే పైజామాకు నడుం దగ్గర లోపలివైపు ఓయ్దిన్ జేబు కుడుతోంది. ఓయ్దిన్ మా ఆడపడుచు. మర్గిలాన్‌లో కాపురం వదిలి మా ఇంటికి వచ్చి ఐదేళ్లయింది. దర్జీ పనిలో దాని చెయ్యి బంగారం. సముద్రానికి నాతో వచ్చేది అదే. యాకూబ్‌జాన్‌కి దుకాణం వదలడం కుదరదట. వదలడం ఇష్టం లేదని చెప్పడానికి ఇంకో మాట అది.

సాయంత్రం పక్కింటి మస్తూరా వచ్చింది. తన డాలర్లు కూడా నా నడుముకు కట్టుకుని పోయి బంగారం తెచ్చిపెట్టాలట.

"నేనేమన్నా నీ గాడిదనా, నీ మూటలు మొయ్యడానికి?" అన్నాను.

మూతి ముడుచుకుంది. గుమ్మం దగ్గరికి వెళ్లి, లోపల మిషన్ చప్పుడు వినిపిస్తున్న గది వైపు కళ్లు తిప్పి, "నీ డబ్బు నీ నడుముకి ఉంటే సరే. పక్కన ఎవరిని పడుకోబెట్టుకుంటున్నావో చూసుకో సనోబర్. మర్గిలాన్ వాళ్ల ఉంగరం సంగతి ఊరందరికీ తెలుసు" అంది.

చీపురు తీసుకున్నాను. మస్తూరా చెప్పులు వేసుకోకుండానే పోయింది.

ఆ ఉంగరం! ఓయ్దిన్ అత్తగారి ఉంగరం కనిపించకపోతే దీని పెట్టె వీధిలోకి విసిరేశారు. నేను మర్గిలాన్ వెళ్లి వాళ్ల ఇంటి ముందు నిలబడి వీధి వీధంతా బయటికి వచ్చేలా అరిచాను. "మా పిల్లకి చేతివాటం లేదు. వీధిలో అన్న మాట వీధిలోనే వెనక్కి తీసుకోండి!" తీసుకోలేదు. చలికాలంలో ఉంగరం పిండి డబ్బాలో దొరికిందట. అప్పుడూ తీసుకోలేదు. అలాంటివాళ్లు మనుషులా? నేను అరిచిన ఆ రోజే తిరిగి వస్తూ బజారులో దానిమ్మ గింజలంత ఎర్ర రాళ్లున్న బంగారు చెవిపోగులు కొని ఓయ్దిన్ చెవులకు నేనే పెట్టాను. ఈ ఐదేళ్లలో అది వాటిని తీసింది లేదు.

సెప్టెంబరు 7, శనివారం, రైల్లో

బయల్దేరాం. అత్తయ్య ప్రాణం తీసింది.

నిన్న సాయంత్రం డాలర్లు మా అత్తయ్య తీసుకుంది. దిండు కింద పెట్టుకుని దువా చదివిందట. పొద్దున రుమాల్లో చుట్టి ఓయ్దిన్ చేతిలో పెట్టి, "అలాగే పెట్టి కుట్టెయ్" అంది. ఒక్కసారి లెక్కపెడతానన్నాను. కస్సుమని లేచింది.

"దువా చదివిన డబ్బు మళ్లీ లెక్కపెడితే బరకత్ పోతుంది, చేతిలో నిలవదు. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయింది, ఇది కూడా తెలీదా కోడలా?"

తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను.

తర్వాత రొట్టె. తందూరులోంచి నిన్ననే తీసిన రొట్టె రాయిలా ఉంది. ఓయ్దిన్ ఒకటి కొరికింది, నేనొకటి కొరికాను. పన్ను ఊడినంత పనైంది. అత్తయ్య మాకు వీపు పెట్టి, ఏదో గొణుక్కుంటూ నాది నీలం గుడ్డలో, దానిది పువ్వుల గుడ్డలో కట్టి వంటింటి మేకులకు తగిలించింది. కొరికిన రొట్టె మనిషిని ఇంటికి తిరిగి రప్పిస్తుందట, మేం వచ్చి మిగతాది తినేదాకా ఎవరూ ముట్టకూడదు. మామయ్య సైన్యానికి వెళ్తూ కొరికిన రొట్టె మూడేళ్లు వేలాడిందనీ, వచ్చి టీలో ముంచుకుని తిన్నాడనీ ఇప్పటికి వందసార్లు చెప్పింది. ఇవాళ నూటొకటోసారి.

ఓయ్దిన్ నా భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది. నోరు తెరుచుకుని పడుకుంటుంది, చిన్నపిల్లలాగ.

సెప్టెంబరు 8, ఆదివారం, అంతల్యా, టర్కీ

విమానాశ్రయంలో కస్టమ్స్ కుర్రాడు అడిగాడు. డబ్బెంత ఉందని. పదిహేను వందల డాలర్లని చెప్పాను.

"ఎక్కడుంది?"

"నువ్వు చూడకూడని చోట."

"అమ్మగారూ, నా డ్యూటీ..."

"ఇంటికెళ్లి మీ అమ్మని అడుగు, ఆవిడ ఎక్కడ దాచుకుంటుందో. నేనూ అక్కడే."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. పొమ్మని చెయ్యి ఊపాడు. ఓయ్దిన్ అటు తిరిగి తలగుడ్డ కొంగులో నవ్వు కుక్కుకుంది.

సముద్రం చూశాం. ఏం రాయాలి? అవతలి ఒడ్డు లేదు. కాలవకు అవతలి గట్టు ఉంటుంది, చెరువుకు ఉంటుంది. దీనికి లేదు. ఓయ్దిన్ మోకాళ్ల దాకా దిగి నిలబడి ఏడ్చింది. "ఎందుకే?" అంటే, "ఎవరూ పిలవట్లేదు వదినా. ఇంత సేపటి నుంచి నన్ను ఎవరూ ఏ పనికీ పిలవలేదు" అంది. నాకూ కళ్లు తడయ్యాయి. ఉప్పుగాలికి.

గదికి వచ్చి జేబు కుట్లు విప్పాను. గది లాకర్లో పెట్టేముందు చూసుకోవాలి కదా. బరకత్ సంగతి బరకత్‌ది.

వంద డాలర్ల నోట్లు పదిహేను ఉండాలి. పద్నాలుగే ఉన్నాయి.

సెప్టెంబరు 9, సోమవారం

పద్నాలుగే. ఓయ్దిన్ స్నానానికి వెళ్లినప్పుడు మళ్లీ చూశాను. రుమాలు విదిలించాను, పైజామా తిరగేశాను, జేబు మూలల్లో వేలు పెట్టి చూశాను.

ఇంటికి ఫోన్ చేశాను. ఉన్న సంగతి చెబితే యాకూబ్‌జాన్ జన్మంతా ఎత్తిపొడుస్తాడు. చుట్టూ తిప్పి అడిగాను.

"అత్తయ్యా, ఆ రుమాలు ఇంకెవరి చేతికైనా ఇచ్చారా?"

"ఎవరికిస్తాను? ఓయ్దిన్‌కే ఇచ్చాను. ఏం?"

"ఏం లేదు, ఊరికే."

"ఖర్చు గురించి బెంగపడకు. వెళ్లినవన్నీ ఇంటికి తిరిగి వస్తాయి. నేను చూసుకున్నానుగా."

ఏం చూసుకుంది? దువా చదివి పడుకుంది, అదేగా చూసుకుంది! ముసలాళ్లకి అన్నీ తేలికే.

అత్తయ్య చెయ్యి, ఓయ్దిన్ చెయ్యి. మూడో చెయ్యి లేదు. అత్తయ్య ఐదు పూటలా నమాజు చేసే మనిషి. దారిలో పడున్న వాల్నట్ కూడా తీసుకోదు.

నేనేమీ అనుకోవడం లేదు. ఆలోచిస్తున్నానంతే. మస్తూరా మాట ఒకటి చెవిలో దోమలా తిరుగుతోంది. దాని చెప్పులు ఇంకా మా గుమ్మంలోనే ఉండి ఉంటాయి.

ఓయ్దిన్ ఒడ్డున అమ్మేవాళ్ల దగ్గర పూసల దండ కొనుక్కుంది. దేనితో కొంది? తన సొంత డబ్బుతో. తన దగ్గర చిల్లర ఉంది. ఉందా?

సెప్టెంబరు 10, మంగళవారం

ఇవాళ అడిగేశాను. అడగడంలో తప్పేముంది? డబ్బు నాది. ఏళ్ల తరబడి ఆ బజారులో చలికి వేళ్లు పగిలి సంపాదించింది. ఎవరి అబ్బ సొమ్మూ కాదు.

అది అద్దం ముందు జడ వేసుకుంటోంది.

"ఓయ్దిన్, కుట్టేటప్పుడు నోట్లు ఎన్ని ఉన్నాయి?"

"ఏమో వదినా. అమ్మ చుట్టి ఇచ్చింది, అలాగే పెట్టి కుట్టేశాను. ఎందుకు?"

"ఒకటి తక్కువ."

జడ వదిలేసి నా దగ్గరికి వచ్చింది. "సరిగ్గా చూశావా? ఆగు, సూట్‌కేసులో చూద్దాం."

సూట్‌కేసులో ఎందుకుంటుంది? కుట్టిన జేబులోంచి నోటు నడిచి సూట్‌కేసులోకి వెళ్తుందా? అక్కడే నాకు ఒళ్లు మండింది.

"గుడ్డ ముట్టుకుని జానెడు తక్కువుందని చెప్పేదానివి, నోటు తక్కువుంటే నీ వేళ్లకి తెలీలేదా?"

అది నెమ్మదిగా అంది: "మర్గిలాన్‌లో కూడా ఇలాగే మొదలుపెట్టారు వదినా. ముందు 'నీకు తెలీదా' అన్నారు."

"నన్ను వాళ్లతో పోలుస్తావా? నీ కోసం వీధిలో గొంతు చించుకున్న దాన్ని!"

"పోల్చలేదు. గుర్తొచ్చింది."

అప్పుడు అన్నాను. ఇక్కడ రాస్తాను, దాచడమెందుకు. "అక్కడొకటి పోయింది, ఇక్కడొకటి పోయింది. ఎప్పుడూ నువ్వున్న చోటే ఎందుకు పోతున్నాయి?"

అంతే. ఒక్క మాట. గట్టిగా కూడా అనలేదు. తలుపు వేసే ఉంది, ఎవరూ వినలేదు. అది ఏడుస్తుందనుకున్నాను, ఎదురు తిరుగుతుందనుకున్నాను. ఏమీ లేదు. వెళ్లి జడ పూర్తి చేసుకుంది. రిబ్బను కూడా కట్టుకుంది. తప్పు చెయ్యని మనిషైతే అలా ఉంటుందా? నేనైతే ఈ గది పైకప్పు లేపేదాన్ని!

సెప్టెంబరు 11, బుధవారం

పొద్దున్నే ఎక్కడికో వెళ్లింది. చెప్పలేదు. చెప్పకపోతే మానె.

ఒక్కదాన్నే ఒడ్డున కూర్చున్నాను. పక్క కుర్చీలో ఒకాయన అరగంటకోసారి తిని, మళ్లీ పడుకుంటున్నాడు. సముద్రం నిన్నటిలాగే ఉంది.

సెప్టెంబరు 12, గురువారం

నోటు దొరికింది!

పొద్దున నా చేతిసంచీలో, దువ్వెన కింద. నాకు తెలుసు, ముందు నుంచీ తెలుసు. సనోబర్ చెయ్యి లెక్క తప్పదు. ఎంత మాటన్నానో అని రాత్రి కాస్త మథనపడ్డాను కూడా. అనవసరంగా పడ్డాను. తీసింది, భయపడింది, తిరిగి పెట్టింది. పోనీలే, పెట్టింది కదా. నేను మర్గిలాన్ వాళ్లలాంటిదాన్ని కాదు, పెట్టె వీధిలోకి విసరను. ఇంట్లో ఎవరికీ చెప్పను. మనసులోనే పెట్టుకుంటాను.

నోటు నాలుగు మడతలు పడి ఉంది. ఇస్త్రీ చేసిన నోటుని ఎలా నలిపిందో చూడు! మడిచి ఎక్కడో కుక్కి ఉంటుంది. ఇప్పుడు ఇక్కడ ఎవరు తీసుకుంటారు దీన్ని? ఒంట్లో ఒకటే మంట.

భోజనాల దగ్గర చూస్తే దాని చెవులు బోసిగా ఉన్నాయి.

"పోగులేవి?"

"ఉప్పునీళ్లకి రాళ్లు నల్లబడతాయట వదినా. తీసేశాను."

అది నీళ్లలో దిగి రెండు రోజులైంది. అయినా జాగ్రత్త పడితే మంచిదేగా.

"వదినా" అని పిలుస్తోంది, పళ్లెంలో నాకు ముందు వడ్డిస్తోంది, నా బీపీ మాత్ర గుర్తు చేస్తోంది. ఒక్క మాటలో తేడా లేదు. అదే నాకు నచ్చట్లేదు. అరిస్తే నేనూ అరిచి ఉండేదాన్ని, సాయంత్రానికి తేలిపోయేది.

సెప్టెంబరు 13, శుక్రవారం

ఆ మడత నోటు మార్చడానికి వెళ్లాను. ఇక్కడి మనిషి దాన్ని వెలుతురుకి కూడా పట్టలేదు, తీసుకుని పూర్తి రేటు ఇవ్వబోయాడు. "మడత పడింది కదా?" అన్నాను. "డబ్బే కదా అమ్మా" అన్నాడు. నాకు ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు. వెనక్కి తీసుకున్నాను. పిచ్చిదాన్నని అనుకుని ఉంటాడు.

ఆ దుకాణం పక్కన పాత బంగారం కొంటామని బోర్డు ఉంది. అద్దంలో ఉంగరాలు, గొలుసులు. నేను అటు చూడలేదు. చూడాల్సిన పనేముంది.

సెప్టెంబరు 14, శనివారం

తిరుగు ప్రయాణం. యాకూబ్‌జాన్‌కి బెల్టు, కూతురికి తువ్వాళ్లు, అత్తయ్యకి మెత్తటి చెప్పులు. ఓయ్దిన్ ఒక సీసాలో సముద్రం నీళ్లు పట్టుకుంది. విమానంలో రానివ్వరని విమానాశ్రయంలో పారబోయించారు. ఆ మనిషితో నేను పోట్లాడాను. "ఉప్పునీళ్లలో ఏం దాచుకుంటుంది, పిడిబాకునా?" అని. ఓయ్దిన్ నా చెయ్యి పట్టుకుని, "వద్దులే వదినా, నా కోసం అరవకు" అంది.

ఆ మాట ఇది వరకు ఎప్పుడూ అనలేదు.

సెప్టెంబరు 15, ఆదివారం, ఇల్లు

ఎలా రాయను?

వచ్చేసరికి అత్తయ్య పులావు వండించింది. టీ పోసింది. "ముందు రొట్టె" అంటూ స్టూలెక్కి నీలం మూట తీసింది. నా ముందు పరిచిన గుడ్డ మీద విప్పింది. నా పంటి గుర్తున్న రొట్టె. దాన్ని రెండు చేతులతో పైకెత్తితే, కింద రొట్టెకి అంటుకున్నట్టు నున్నగా, కరకరలాడుతూ, ఒక్క మడత లేకుండా వంద డాలర్ల నోటు.

నేను ఇస్త్రీ చేసిన నోటు. అంచు దగ్గర చిన్న పసుపు మరక కూడా ఉంది, ఇస్త్రీ పెట్టె కాస్త ఎక్కువ కాలి.

అత్తయ్య మొహం వెలిగిపోతోంది. "చూశావా? మీ మామయ్య సైన్యానికి పోతుంటే ఆయన జేబులోంచి కూడా ఒక రూబుల్ తీసి రొట్టెతో కట్టాను. మనిషీ వచ్చాడు, డబ్బూ వచ్చింది. డబ్బుకి కూడా ఇంటి దారి గుర్తుండాలి కోడలా. అందులోంచి ఒకటి ఇక్కడ ఉంటే మిగతావి తోవ తప్పవు."

"చెప్పొచ్చు కదా అత్తయ్యా!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"చెబితే పని చెయ్యదు. అందుకే లెక్కపెట్టొద్దన్నాను."

యాకూబ్‌జాన్ చేతిలో బెల్టు పట్టుకుని నా వైపు చూశాడు. "మరి అక్కడ తక్కువ పడలేదా? నువ్వు లెక్కపెట్టకుండా ఉండగలవా?"

నేను నోటు అంచు మీది మరకని గోటితో గీకాను.

టీ పోస్తున్న ఓయ్దిన్ తల ఎత్తకుండానే అంది: "తక్కువేం పడలేదన్నయ్యా. అన్నీ సరిపోయాయి. వదిన లెక్క తప్పుతుందా?"

యాకూబ్‌జాన్ నవ్వాడు. అత్తయ్య నవ్వింది. నేను రొట్టె తిన్నాను. నములుతూనే ఉన్నాను, మింగుడు పడలేదు. టీ తాగితే దిగింది.

"నీది కూడా తీస్తానుండు" అని అత్తయ్య పువ్వుల మూట వైపు చెయ్యి చాచింది.

"తర్వాత తింటానమ్మా. ఇప్పుడు ఆకలి లేదు" అంది ఓయ్దిన్.

సెప్టెంబరు 16, సోమవారం

అత్తయ్య మీద కోపం. డబ్బుకి ఇంటి దారట! ఒక్క మాట చెబితే ఏం పోయేది? రూబుళ్ల కాలం నాటి బుద్ధి! ఆ కస్టమ్స్ కుర్రాడి మీద కోపం, అప్పుడే లెక్కపెట్టించి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది. మస్తూరా మీద కోపం, ఆ నాలుక ఊడిపడ. కోకంద్‌లో నేను కోప్పడని మనిషి ఇవాళ ఒక్కరే మిగిలారు. కాదు, ఇద్దరు. ఒకరు మిషన్ కుట్టుకుంటున్నారు, ఇంకొకరు ఈ గీతలు గీస్తున్నారు.

మధ్యాహ్నం మడత నోటు పట్టుకుని దాని గదిలోకి వెళ్లాను. మిషన్ ఆపలేదు.

"ఇది నీది" అన్నాను.

"నీది వదినా. లెక్క సరిపోవాలిగా."

"పోగులు అమ్మేశావా?"

"ఉప్పునీళ్లకి నల్లబడతాయని చెప్పానుగా."

"తిట్టవే! నన్ను తిట్టు! చెంప మీద కొట్టు!"

మిషన్ ఆగింది. చేతిలో గుడ్డ సర్దుకుంటూ నా వైపు చూసింది. "అరిచే మనిషివి నువ్వే కదా వదినా. నాకు చేతకాదు. మర్గిలాన్‌లో వాళ్లు అన్నప్పుడు ఏడ్చాను. కానీ నువ్వొచ్చి అరిచావు చూడు, అప్పుడు నాకెంత హాయిగా ఉందో. ఈసారి కూడా ఎవరో వచ్చి అరుస్తారని చూశాను. అక్కడ నువ్వు తప్ప ఎవరూ లేరు."

నేను నోటు దాని మిషన్ మీద పెట్టాను. అది తీసి నా చేతిలో పెట్టింది.

"పోనీ వచ్చి రొట్టె అయినా తిను. అత్తయ్య అడుగుతోంది."

"ఎలా తినను? నేనింకా ఇంటికి రాలేదుగా."

సెప్టెంబరు 17, మంగళవారం

నేను వీధిలో అనలేదు. మర్గిలాన్ వాళ్లు వీధిలో అన్నారు, నేను తలుపులేసిన గదిలో అన్నాను. చాలా తేడా ఉంది. ఓయ్దిన్ కూడా ఎవరికీ చెప్పలేదు, నా పరువు తనే కాపాడింది. అలాంటప్పుడు నేను ఊరంతా చెప్పుకుంటే దాన్ని మళ్లీ నలుగురి నోళ్లలో పెట్టినట్టు కాదూ? దాని మంచికే నేను ఊరుకోవాలి.

సెప్టెంబరు 18, బుధవారం

పైన రాసింది చదువుకున్నాను. ఛీ.

సెప్టెంబరు 20, శుక్రవారం

ఇవాళ అత్తయ్య ఆడవాళ్లని టీకి పిలిచింది, మేం క్షేమంగా వచ్చినందుకు. వీధిలో సగం మంది మా వాకిట్లో. మస్తూరా కొత్త చెప్పులతో వచ్చింది. ద్రాక్ష గుత్తి ఒలుచుకుంటూ, ఓయ్దిన్ టీ కెటిల్ తెస్తుంటే చూసి గట్టిగా అడిగింది: "ఏం సనోబర్, అంతా క్షేమమేనా? నడుం దగ్గర సొమ్ము లెక్క సరిపోయిందా? అయ్యో, ఓయ్దిన్, నీ చెవులు అలా బోసిగా ఉన్నాయేంటమ్మా?"

ఓయ్దిన్ నోరు తెరిచింది, ఉప్పునీళ్లని చెప్పడానికి. నాకు తెలుసు ఆ నోరు ఏం చెప్పబోతోందో.

లేచి నిలబడ్డాను. గిన్నె కాలికి తగిలి టీ ఒలికింది.

"సరిపోలేదు మస్తూరా! ఒక నోటు తక్కువొచ్చింది. మా అత్తయ్య దాన్ని రొట్టెతో కట్టి ఇక్కడే ఉంచింది, నాకు తెలీదు. అక్కడ పరాయి ఊళ్లో నేను ఈ పిల్లని దొంగని చేశాను. నీ మాట చెవిలో పెట్టుకుని! నువ్వు అన్నావు, నేను నమ్మాను. ఇది చెవిపోగులు అమ్మి నా నోటు నాకు పెట్టింది. ఇంటికొచ్చి మా ఆయన ముందు నన్ను కాపాడింది. అందరూ వినండి! మా ఓయ్దిన్‌కి చేతివాటం లేదు. ఆ రోజూ లేదు, ఈ రోజూ లేదు. చేతివాటం కాదు, నోటివాటం ఉన్నది నాకు! నేనన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను, ఇక్కడే, మీ అందరి ముందే!"

ఎంత గట్టిగా అరిచానంటే పక్కవీధి కుక్క మొరిగింది. అత్తయ్య గుండె మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకుంది. "నేనా? నా వల్లా?" అంటూ ఉంది. యాకూబ్‌జాన్ దుకాణం వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. సముద్రానికి వదలలేని దుకాణం!

మస్తూరా ద్రాక్ష అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఓయ్దిన్ ఒలికిన టీ గుడ్డతో తుడిచింది. అందరికీ మళ్లీ పోసింది.

అందరూ వెళ్లాక వంటింట్లోకి వచ్చింది. నేను గిన్నెలు తోముతున్నాను, కోపంగా తోముతున్నాను, ఎవరి మీదో తెలీకుండా. స్టూలెక్కి పువ్వుల మూట దించుకుంది. రొట్టె తీసి టీలో ముంచి, ఒక్క ముక్క కొరికింది. నెమ్మదిగా నమిలింది. మిగతాది మళ్లీ గుడ్డలో కట్టేసింది.

"అంతేనా?" అన్నాను.

"అంతవరకే వచ్చాను వదినా" అంది.

మూట దాని చేతిలోంచి తీసుకుని మేకుకు నేనే తగిలించాను.